నొప్పికి ఒక్క వైద్యుడు చాలడా?

పిల్లలూ! చెప్పులు లేకుండా పొలం గట్టు మీద నడుస్తుంటే కాలిలో తుమ్మముల్లు దిగిందనుకోండి. దిగిందని మీకు తెలిసేలోపే కాలు పైకి లేస్తుంది. ఇది వెన్నుపాము జరిపించే ప్రతీకార చర్య అని జీవశాస్త్రంలో చదువుకున్నారు. ఆ వెంటనే చురుక్కుమని ఒక పోటు. మరుక్షణంలో మెల్లగా ఒక సలుపు మొదలవుతుంది. ముల్లు ఒకటే అయితే నొప్పులు రెండెందుకు? చురుకు వార్తను మోసే నాడీతంతువుల వేగం సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. సలుపు వార్తను తెచ్చే సన్నని తంతువుల వేగం సెకనుకు 2 మీటర్లకు మించదు. మొదటిది ఎక్స్‌ప్రెస్ బండి, రెండవది గూడ్సు బండి!

ఈ నొప్పి మనకు కాపలాదారు. పుట్టుకతోనే నొప్పి తెలియని పిల్లలు లోకంలో ఏ కొద్దిమందో ఉన్నారు. వాళ్ళు నాలుక కొరుక్కుంటారు, చేతులు కాల్చుకుంటారు, ఎముక విరిగినా నడుస్తూనే ఉంటారు. కాబట్టి నొప్పి లేని బతుకు సుఖమైన బతుకు కాదు.

అయితే ముల్లు తీసేశాక, పుండు మానాక కూడా నొప్పి పోకపోతే? మూడు నెలలకు మించి నిలిచే నొప్పిని, మాటిమాటికీ తిరిగివచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. దొంగ వెళ్ళిపోయినా కాపలాదారు కేకలు మానడు. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో నడుమునొప్పితో ఏళ్ళ తరబడి బాధపడే పెద్దవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ బాధను అర్థం చేసుకోవాలంటే ముందు ఒక పాత అభిప్రాయాన్ని వదులుకోవాలి.

ఆ అభిప్రాయం ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్‌ది. ఆయన మరణించాక, 1664లో ఫ్రెంచిలో అచ్చయిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. నిప్పు పక్కన ఒక మనిషి పాదం, అక్కడినుంచి మెదడుదాకా ఒక దారం. గుడిలో తాడు లాగితే పైన గంట మోగినట్లు, కాలు కాలితే మెదడులో నొప్పి మోగుతుందట. గట్టిగా లాగితే గట్టిగా, మెల్లగా లాగితే మెల్లగా. తాడు లాగకుండా గంట మోగదు కదా! అంటే దెబ్బ కనబడని నొప్పి అబద్ధమన్నమాట.

రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ రణరంగాన హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తువైద్యుడు వింత ఒకటి చూశాడు. తీవ్రంగా గాయపడిన 215 మంది సైనికులను నొప్పికి మందు కావాలా అని అడిగితే, కావాలన్నవారు సుమారు నాలుగోవంతే. తరువాత మామూలు ఆసుపత్రిలో శస్త్రచికిత్స అయినవారిని అడిగితే నూటికి 80 మందికి పైగా మందు కావాలన్నారు. సైనికుడికి ఆ గాయం 'ఇక ఇంటికి వెళ్ళవచ్చు' అనే కబురు. ఇంటిదగ్గర ఉన్నవాడికి గాయం ఆపద. గాయం తీవ్రతనుబట్టి మాత్రమే నొప్పి ఉండదని బీచర్ గ్రహించాడు.

మరి తాడుకూ గంటకూ మధ్య ఏముంది? 1965లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్, బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త పాట్రిక్ వాల్ కలిసి 'తలుపు సిద్ధాంతం' ప్రకటించారు. వెన్నుపాములో ఒక తలుపు వంటి ఏర్పాటు ఉంది. నొప్పి వార్తలు దాన్ని దాటి మెదడుకు చేరాలి. స్పర్శవార్తలు తెచ్చే లావు తంతువులు ఆ తలుపును కొంత మూస్తాయి. మోచేతికి గుమ్మం తగిలితే వెంటనే రుద్దుకుంటాం. రుద్దితే హాయిగా ఉండడం అందుకే! అంతకన్నా ముఖ్యం, మెదడు కూడా పైనుంచి ఆజ్ఞలు పంపి ఆ తలుపును మూయగలదు, తెరవగలదు. భయం, దిగులు తెరుస్తాయి. ధైర్యం, మరోపనిలో నిమగ్నత మూస్తాయి. ఈ సిద్ధాంతంలో కొన్ని వివరాలు తరువాత నిలవలేదు గాని అసలు విషయం నిలిచింది.

1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ఇంకొకటి చూపించాడు. దెబ్బ తగిలిన తరువాత వెన్నుపాములోని నాడీకణాలే అతిచురుకుగా మారిపోగలవు. దొంగల భయం పట్టుకున్న ఊళ్ళో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది చూడండి, అలాగన్నమాట. ఎక్స్‌రేలో ఎముక చక్కగానే ఉంటుంది. మొరిగేది కుక్క, దానికి ఎక్స్‌రే లేదు.

అందుచేత ఇటువంటి రోగితో 'ఏమీ లేదు, అంతా నీ మనసులోనే ఉంది' అనడం క్రూరమే కాదు, శాస్త్రరీత్యా తప్పు కూడా. పాతికేళ్ళకు పైగా పరీక్షల ఉదయాన కడుపునొప్పితో వచ్చే పిల్లలను చూస్తున్నాను. కొందరిది నటన, అది మాకు తెలుస్తుంది లెండి! కాని చాలామందిది నిజమైన నొప్పే. భయం వేస్తే పేగుల కదలిక మారుతుంది. కారణం భయమైనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు.

ఇన్ని చేతులు కలిసి నొప్పిని నడిపిస్తుంటే ఒక్క వైద్యుడు, ఒక్క మాత్ర చాలుతాయా? ఈ ప్రశ్న వేసినవాడు ఒక కుస్తీ వస్తాదు! జాన్ బోనికా 1917లో సిసిలీ దగ్గరి చిన్న దీవిలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరాడు. వైద్యవిద్యకు డబ్బు కోసం ముసుగు వేసుకుని కుస్తీలు పట్టాడు. ఆ దెబ్బలు జీవితాంతం ఆయనను నొప్పితో వేధించాయి. యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో మత్తువైద్యుడిగా ఉండగా, కాలు తీసివేసినా లేని కాలు నొప్పిపెడుతోందనే సైనికులు ఆయన వద్దకు వచ్చేవారు. పుస్తకాలలో సమాధానం దొరకలేదు. నాడీవైద్యుణ్ణి, ఎముకల వైద్యుణ్ణి, మనోవైద్యుణ్ణి విడివిడిగా అడిగాడు. ఎవరికీ పూర్తిగా తెలియదు. అందరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి ఒక్కొక్క రోగి గురించి మాట్లాడించాడు. 1953లో నొప్పి చికిత్సపై పెద్ద గ్రంథం రాశాడు. 1960 తరువాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆయన నడిపిన చికిత్సాలయం ప్రపంచానికి నమూనా అయింది.

ఈ జట్టు ఏం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. చీరాలలో 45 ఏళ్ళ నేతకార్మికుడు ఒకరు ఉన్నారనుకోండి. రెండేళ్ళ క్రితం నడుము పట్టేసింది, ఇప్పటికీ వదలలేదు. నొప్పి అని పడుకున్నాడు. పడుకుంటే కండరాలు సన్నగిల్లాయి. కాస్త వంగినా నొప్పి, దానితో కదలాలంటే భయం. పనిపోయి అప్పులు, నిద్ర లేదు. ఏనాడైనా తేలికగా ఉంటే, పోయిన పనంతా ఒక్కరోజులో రాబట్టాలని పొద్దుగూకేదాకా మగ్గం మీద కూర్చుంటాడు. మరి మూడురోజులు మంచం!

జట్టులో మొదట వైద్యుడు ఎముక విరుగుడు, వెన్నుపూస క్షయ, కంతి వంటివి లేవని తేల్చుకుంటాడు. ఈ మెట్టు దాటకుండా మిగిలినవేవీ మొదలుపెట్టరాదు. వ్యాయామ చికిత్సకుడు కండరాల సంగతి చూస్తాడు. గుంటమగ్గం దగ్గర కూర్చునే పలక ఎత్తు, కాళ్ళు చాపే తీరు మార్చడం మరొకరి పని. ఇక మనస్తత్వ శాస్త్రవేత్త ఎందుకంటారా? అసలు కిటుకు అక్కడే ఉంది.

సియాటిల్‌లో బోనికా జట్టులో పనిచేసిన విల్బర్ట్ ఫోర్డైస్ మనస్తత్వ శాస్త్రవేత్త. మీట నొక్కితే మేత దొరికితే, ఎలుక మళ్ళీ మళ్ళీ మీట నొక్కుతుంది కదా. నొప్పి పుట్టినప్పుడల్లా విశ్రాంతి, మందు, అందరి సానుభూతి దొరికితే శరీరం కూడా తెలియకుండానే ఒక పాఠం నేర్చుకుంటుందన్నాడాయన. రోగి నటిస్తున్నాడని ఆయన అనలేదు. 1976లో వచ్చిన తన పుస్తకంలో దీనికి విరుగుడు వివరించాడు. పనికి నొప్పి కొలత కాదు, గడియారం కొలత. మన నేతకార్మికుడు మామూలుగా 20 నిమిషాలు కూర్చోగలిగితే 15తో మొదలుపెట్టాలి. రెండు మూడు రోజులకొకసారి కొద్దికొద్దిగా పెంచాలి. బాగున్న రోజైనా లెక్క ముగియగానే లేవాలి. బాగులేని రోజైనా ఆ లెక్క చేయడానికి ప్రయత్నించాలి. మందు కూడా నొప్పి వచ్చినప్పుడు కాకుండా వేళ ప్రకారమే. ఆ మోతాదును వైద్యుడు మెల్లగా తగ్గిస్తాడు. 'నా నడుము విరిగిపోతోంది' అనే ఆలోచన వచ్చినప్పుడు అది ఎంతవరకు నిజమో కాగితం మీద రాసి చూడడం, శ్వాసతో బిగువు సడలించడం, నిద్రవేళ సరిచేయడం తరువాత చేరాయి. ఇంట్లోవాళ్ళనూ పిలిచి కూర్చోబెడతారు. భార్య 'నువ్వు లేవకు' అంటున్నంతకాలం లెక్క సాగదు మరి.

ఇంతా చేస్తే నొప్పి మాయమవుతుందా? చాలామందికి కాదు. తగ్గుదల కొంచెమే. కాని ఆ మనిషి మళ్ళీ మగ్గం ఎక్కుతాడు, నిద్రపోతాడు, మాత్రలు తగ్గుతాయి. కొందరికి ఆ మాత్రం ఫలితమూ రాదు. పైగా ఇంతమందిని ఒకచోట చేర్చడం ఖర్చు. మన దేశంలో ఇటువంటి చికిత్సాలయాలు ఎక్కువగా పెద్ద నగరాలకే పరిమితం. ఇది పుట్టిన అమెరికాలోనే బీమా సంస్థలు జట్టు చికిత్సకు డబ్బు చెల్లించడానికి వెనుకాడాయి. 1990ల చివరినుంచి అక్కడ నల్లమందు జాతి మాత్రలను విచ్చలవిడిగా రాశారు. వ్యసనం పాకి, ఆ జాతి మందులవల్ల లక్షలమంది మరణించారు. జట్టు కరువవడమే దీనికి ఏకైక కారణం కాదు గాని, చౌకగా కనబడిన దారి ఎంత ఖరీదైనదో చూశారా!

ఇప్పుడు మీకొక పని. జట్టు చికిత్సలో మొదట రోగి చేత నొప్పిని మాటల్లో చెప్పిస్తారు. మెల్జాక్ రోగులు వాడే మాటలు సేకరించి, 1975లో 78 మాటలను 20 గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. అవి ఇంగ్లీషు మాటలు. వాటిని తెలుగులోకి మారిస్తే సరిపోదు, మన నొప్పులకు మన పేర్లున్నాయి. తలపోటు, గోరుచుట్టు సలుపు, కాళ్ళ పీకు, కడుపులో మెలిపెట్టడం, కళ్ళమంట, పిక్కపట్టు, తిమ్మిరి. అమ్మమ్మను, నాయనమ్మను, పక్కింటి తాతయ్యను అడిగి ఇంకా ఎన్ని దొరికితే అన్నీ రాయండి. ఒకే రకానివి ఒక గుంపుగా చేర్చి, ప్రతి గుంపులోనూ తక్కువనుంచి ఎక్కువకు పేర్చండి. పీకు పెద్దదా, లాగుడు పెద్దదా అని ఇంట్లో వాదన వస్తుంది. ఇద్దరి మాటా రాసుకోండి.