గీత పడితే గిటార్ చెడినట్టేనా?

మన పత్రికలో కథలూ కవితలతో పాటు చదువుకున్న సంగతులు కూడా తెలుగులో రాయమని ఎడిటర్లు అడుగుతూనే ఉంటారు. ఈసారి నా వంతు. కొత్తగా కొన్న బేస్ గిటార్ పైపూతలో కనిపించే చిన్న చిన్న లోపాల గురించి రాస్తున్నాను. గిటార్ వాయించనివాళ్లు అప్పుడే పేజీ తిప్పేయకండి. రేపు బైక్ కొన్నా, ల్యాప్‌టాప్ కొన్నా ఇదే ప్రశ్న వస్తుంది: కంటికి కనబడిన ప్రతి మచ్చా లోపమేనా?

1. శబ్దం ఏ దారిలో వస్తుంది?

బేస్‌కి మామూలుగా నాలుగు తీగలు. అన్నిట్లోకీ లావుగా ఉండే ‘ఇ’ తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు ఎక్కువ మోడళ్లలో 34 అంగుళాలు, అంటే దాదాపు 864 మిల్లీమీటర్లు. 1951లో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌ది కూడా ఇదే కొలత. ‘ప్రెసిషన్’ అన్న పేరు ఫ్రెట్ల వల్ల వచ్చింది. ఫ్రెట్లు లేని పెద్ద నిలువు బేస్ మీద స్వరస్థానాన్ని వేలితో వెతుక్కోవాలి. ఇక్కడ లోహపు ఫ్రెట్టే ఆ స్థానాన్ని ఖాయం చేస్తుంది.

ఇక శబ్దం సంగతి. మనం ఇంటర్‌లో చదివిన ఫారడే నియమమే. పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత ప్రవాహం మారుతుంది, చుట్టలో వోల్టేజి పుడుతుంది, అది ఆంప్లిఫయర్‌కి వెళ్తుంది. అంటే నట్, ఫ్రెట్, తీగ, బ్రిడ్జి, పికప్ అన్నవి శబ్దం నడిచే దారి. బాడీ వెనకాల ఉన్న రంగుచుక్క ఈ దారిలో లేదు. ఈ ఒక్కమాట గుర్తుంటే మిగతాదంతా సులువు.

2. పైపూతలో వచ్చే తేడాలు

గిటార్ చెక్క మీద ముందు సీలర్, తర్వాత రంగు, ఆపైన క్లియర్ కోట్ వేస్తారు. ఇప్పుడొచ్చే గిటార్లలో చాలావాటికి పాలియెస్టర్ లేదా పాలీయురెథేన్ పూతే. ఇవి రసాయన చర్యతో గట్టిపడతాయి. పాతకాలం నైట్రోసెల్యులోజ్ లాకర్ మాత్రం ద్రావణి ఆవిరైపోవడం వల్ల ఆరుతుంది. పలచగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ సన్నని పగుళ్లు వస్తాయి.

తరచుగా కనిపించే తేడాలివి. పూత ఆరకముందు దుమ్ము పడితే చిన్న పొక్కు. ఒకచోట ఎక్కువ స్ప్రే పడితే కారిన చార. పూత సమంగా పరుచుకోకపోతే నారింజ తొక్కలాంటి గరుకు. గాలి బుడగ చిట్లితే సూదిబెజ్జం. పాలిష్ చక్రం సరిగ్గా తిప్పకపోతే వెలుతురులో మాత్రమే కనబడే వలయాలు. వీటిని చూడాలంటే ట్యూబ్‌లైట్ కింద నిలువుగా పట్టుకుంటే చాలదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వెయ్యండి. ఎత్తుపల్లాలన్నీ నీడలుగా బయటపడతాయి.

3. ప్రతి మచ్చకీ మూడు ప్రశ్నలు

మొదటిది: ఇది తీగ దారిలో ఉందా? బాడీ మీద అంగుళం పొడవు చార ఉన్నా శబ్దానికి తేడా రాదు. కానీ ఒక ఫ్రెట్ పక్క ఫ్రెట్ల కంటే 0.1 మిల్లీమీటరు, అంటే ఒక ఏ4 కాగితం మందం, ఎత్తుగా ఉన్నా తీగ దానికి తగిలి జరజరమంటుంది. చూపుకి పెద్దదైనంత మాత్రాన పనికి పెద్దది కానక్కర్లేదు.

రెండోది: ఇది పెరుగుతుందా? నాలుగు తీగలూ శృతిలో ఉన్నప్పుడు నెక్ మీద పడే లాగుడు సుమారు 70 కిలోల బరువు వేలాడదీసినంత ఉంటుంది. అందుకే పగులు ఎక్కడుందన్నది ముఖ్యం. నెక్ బాడీలోకి దిగే పాకెట్ మూలలో వెంట్రుకంత గీత చాలాసార్లు పూతలోనే ఉంటుంది. అదే గీత నట్ వెనకాల, హెడ్‌స్టాక్ మొదట్లో, చెక్క పోగుల వెంట పోతుంటే అనుమానించాల్సిందే. ఇంకొకటి కూడా ఉంది. వేసవిలో గాలి పొడిబారితే చెక్క అడ్డంగా ముడుచుకుంటుంది, ఫ్రెట్ లోహం ముడుచుకోదు. అప్పుడు ఫ్రెట్ కొసలు నెక్ అంచు దాటి వేళ్లకి గీసుకుంటాయి. వానాకాలంలో కొన్నది ఏప్రిల్‌లో గుచ్చుకుంటే కారణం ఇదే.

మూడోది: ఇది సర్దితే పోతుందా? తీగ ఎత్తు, నెక్ వంపు, 12వ ఫ్రెట్ దగ్గర శృతి తేడా, ఇవన్నీ సర్దుబాట్లు. ‘ఇ’ తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, నెక్ బాడీని కలిసే చోటా నొక్కి పట్టుకుని 7, 8 ఫ్రెట్ల దగ్గర సందు చూడండి. సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే మూడు ఏ4 కాగితాలు దూరేంత ఉంటే బాగున్నట్టే. ఎక్కువ తక్కువలుంటే ట్రస్ రాడ్ తిప్పి సరిచేస్తారు. దాన్ని లోపం అనరు.

4. మా బ్యాండ్ గిటార్ సంగతి

కిందటి సెమిస్టర్‌లో పన్నెండుమందిమి తలా కొంత వేసుకుని 18 వేలకి కొత్త బేస్ తెప్పించాం. వెనక్కివ్వడానికి గడువు ఏడు రోజులు, ఫెస్ట్ పదిహేను రోజుల్లో. పెట్టె తెరవగానే వెనకవైపు చార కనబడింది, గొడవ మొదలైంది.

“అన్నా, నా మెస్ డబ్బులు కూడా ఇందులోనే ఉన్నాయి. మచ్చలున్న సరుకు మనకెందుకు, పంపేద్దాం” అన్నాడు ఒక జూనియర్.

“ఇప్పుడు పంపితే ఫెస్ట్ నాటికి ఇంకోటి రాదురా” అన్నాడు మా డ్రమ్మర్.

షాపుకి ఫోన్ చేస్తే “అవన్నీ మైనర్ కాస్మెటిక్ అండీ, కామనే” అన్నారు. వాళ్లు గిటార్ చూడలేదు. మావాళ్లు చూశారుగానీ ఎవరూ తీగ మీటలేదు.

బేస్ వాయించేది నేను కాబట్టి పరీక్షించే పని నాకు పడింది. ఒక కాగితం మీద ఆరు వరసలు వచ్చాయి. రెండు దుమ్ము పొక్కులు, వెనక చార, పాలిష్ వలయాలు, నెక్ పాకెట్ దగ్గర గీత, ఇక ఆరోది ‘ఎ’ తీగ మీద 10వ ఫ్రెట్ నొక్కినప్పుడు జరజర. మొదటి నాలుగూ తీగ దారిలో లేవు. పాకెట్ గీత రెండు కొసల దగ్గరా చిన్న స్టిక్కర్ ముక్కలు అంటించి, తీగలు శృతిలోనే ఉంచి, మూడు రోజులు ఫోటోలు తీశాం. గీత కదల్లేదు. ఆరోదానికి ఐడీ కార్డు అంచుని 10, 11, 12 ఫ్రెట్ల మీద ఆనించాను. కార్డు ఊగిసలాడింది. 11వ ఫ్రెట్ ఎత్తుగా ఉందన్నమాట. పైన పటారం లోన లొటారం అంటారే, అది! మెరుస్తున్న ముందువైపే అసలు లోపం ఉంది.

ఆ కాగితం, ఫోటోలు, జరజర వినబడే వీడియో షాపుకి పంపాం. “మొదటి ఐదింటికి మీ మాట ఒప్పుకుంటున్నాం, ఆరోది కాస్మెటిక్ కాదు” అని రాశాం. వాళ్లు వాదించలేదు. సర్వీసుకి తెప్పించుకుని ఫ్రెట్ అరగదీసి రెండు రోజుల్లో ఉచితంగా ఇచ్చారు. చార ఇప్పటికీ ఉంది, అదే గిటార్‌తో ఫెస్ట్‌లో వాయించాం.

‘కాస్మెటిక్’ అనేది పరీక్ష తర్వాత చెప్పాల్సిన తీర్పు. పరీక్షకి ముందే అంటే అమ్మేవాడికి అది తప్పించుకునే దారి అవుతుంది. అలాగే పరీక్షకి ముందే ‘డ్యామేజ్’ అంటే కొనేవాడి భయమే మాట్లాడినట్టు.

5. మరి డబ్బు సంగతి?

పనికి అడ్డం రాకపోతే నోరు మూసుకోవాలని నేననడం లేదు. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం లోపాన్ని పనితీరుతో మాత్రమే కొలవదు. నాణ్యతలో, ప్రమాణంలో అమ్మేవాళ్లు చెప్పుకున్నదానికి లోటుంటే అదీ లోపమే అంటుంది. పూత మచ్చలేనిదని చెప్పి అమ్మితే చిన్న పొక్కు గురించి కూడా అడగొచ్చు. అదే మచ్చలున్నాయని ముందే చెప్పి, ‘బీ-స్టాక్’ అని ధర తగ్గించి అమ్మితే ఆ మచ్చల గురించి తర్వాత గొడవపడటం న్యాయం కాదు. తమాషా ఏంటంటే, ఫెండర్ కస్టమ్ షాప్ 1995 నుంచి ‘రెలిక్’ పేరుతో కావాలనే గీతలు పెట్టి, రంగు ఊడగొట్టిన గిటార్లు అమ్ముతోంది. వాటికి ధర ఎక్కువే! కాబట్టి బేరం దగ్గర చూడాల్సింది గీత ఉందా లేదా అని కాదు, మనకి ఏం చెప్పి అమ్మారు అని. షాపు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

చివరగా, పెట్టె తెరిచాక వరస ఇలా పెట్టుకోండి. ముందు చెవితో: ప్రతి తీగా, ప్రతి ఫ్రెట్టూ మీటి వినండి. తర్వాత వేలితో: నెక్ అంచు రెండువైపులా తడమండి. కళ్లకి పని ఆఖర్న. ఫోటోలు మాత్రం పెట్టె విప్పేటప్పుడే తీసుకోండి, గడువు తేదీ రాసి పెట్టుకోండి. అనుమానం ఉంటే సాయంత్రం ఆరు తర్వాత మ్యూజిక్ రూమ్‌కి గిటార్ పట్టుకుని రండి, కలిసి చూద్దాం. ఐడీ కార్డు మర్చిపోకండి.