ఫోను వైఫై మారేదెలా?

మా హాస్టల్లో వైఫై పెట్టెలు రెండు: కింద స్టడీ హాల్లో ఒకటి, మేడమీద ఒకటి. పేరు, పాస్‌వర్డ్ ఒకటే. అయినా ఆన్‌లైన్ పాఠం వింటూ పైగదికి వెళితే మాట తెగిపోయేది. లెక్క అర్థమయ్యే చోటే తెగేది మరి!

మేడమీది పెట్టెదే తప్పనుకున్నాం. కానీ ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోనే. కొన్ని ఫోన్లు సిగ్నల్ సన్నగిల్లినా పాత పెట్టెనే కోతిపిల్లలా కరుచుకుంటాయి. 2008లో వచ్చిన 802.11కె పద్ధతిలో, దగ్గరి పెట్టెల జాబితా ఫోనుకు ముందే అందుతుంది. 2011 నాటి 802.11వి ‘అటు మారు’ అని చెబుతుంది. అది సలహాయే, ఫోను వినకపోవచ్చు.

కింది పెట్టె పవర్ పెంచమని మేమే అడిగాం. అలా చేస్తే ఫోను దాన్ని ఇంకా వదలదట! తగ్గించి చూశాం. ఇప్పుడు మూడో మెట్టు దాటేలోపే మారుతోంది.