కొండెక్కే కారులో ఊపిరి కవాటం

తిరుమలకు రెండు ఘాటు రోడ్లున్నాయి. 1944లో తెరిచిన పాత దారిన బండ్లు దిగుతాయి. 1974లో వచ్చిన రెండో దారిన ఎక్కుతాయి. పాత పెట్రోలు కారులో వేలెడంత కవాటం ఒకటి ఈ రెండు దారుల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. మెకానిక్కులు దాన్ని పీసీవీ వాల్వు అంటారు.

పెట్రోలు మండినప్పుడు కొంత వాయువు పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిలుండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. అది అక్కడే ఉండిపోతే ఏమవుతుంది? ఆయిలు బురదలా చిక్కబడుతుంది. ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర కారుతుంది. పూర్వం చాలా కార్లలో ఆ పొగను గొట్టంతో రోడ్డు మీదికే వదిలేవారు. రెండో ప్రపంచయుద్ధపు జీపుల్లో మాత్రం అప్పటికే ఇలాంటి వాల్వు ఉండేది. అది పొగను తిరిగి ఇంజనులోకే పంపి కాల్పిస్తుంది.

దిగేటప్పుడు యాక్సిలరేటరు వదిలేస్తారు గదా! అప్పుడు ఇంజను పీల్పు ఎక్కువై, వాల్వులోని ముల్లును స్ప్రింగుకు ఎదురు లాగి దారిని ఇరుకు చేస్తుంది. ఎక్కేటప్పుడు పీల్పు తగ్గుతుంది. స్ప్రింగు ముల్లును వెనక్కు నెట్టి దారిని వెడల్పు చేస్తుంది. పొగ ఎక్కువయ్యేదీ సరిగ్గా అప్పుడే! మసి పట్టి ముల్లు ఇరుక్కుంటే ఈ లెక్కంతా తప్పుతుంది.

ఇంజను చల్లారాక, పెద్దలు వాల్వును ఊడదీసినప్పుడు చెవి దగ్గర ఆడించి చూడండి. టకటకమనకపోతే ఇరుక్కుందన్నమాట. చప్పుడు వచ్చినా నమ్మేయకండి, నీరసించిన స్ప్రింగుదీ అదే చప్పుడు! కొత్తది ఆ ఇంజనుకు చెప్పినదే కావాలి. రంధ్రం కొలత అన్నింటికీ ఒకటి కాదు. పగిలిన రబ్బరు గొట్టాన్నీ మార్చాలి. తరువాత ఇంజను నడుస్తుండగా మెకానిక్కు వాల్వు మూతి మీద వేలు పెడితే, పీల్పు వేలికి తెలియాలి.