తీగ చేసే ఆలస్యం, మనిషిపై పడే నింద

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దల మాట. ఒకే గదిలో కూర్చుని పనిచేసేవారికి ఆ మంచితనం చాలు. ఒకరు వాల్డార్ఫ్‌లోను, వేరొకరు బెంగళూరులోను, ఇంకొకరు స్టుట్‌గార్ట్ శివారులోని తమ ఇంటిలోను కూర్చుని ఒకే పని చేసేటప్పుడు మాత్రం, ఆ మాటను మోసుకొనిపోయే యంత్రం కూడా మంచిదై ఉండాలి.

జర్మనీలో స్థిరపడిన తెలుగువారిలో అనేకులకు ఇది నిత్యానుభవం. 1972లో ఐబీఎం నుండి బయటకు వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు స్థాపించిన సాప్ సంస్థ 1998లో బెంగళూరులో తన పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పింది. 2000 ఆగస్టులో జర్మనీ ప్రభుత్వం కంప్యూటరు నిపుణులకు గ్రీన్ కార్డు పథకాన్ని ప్రారంభించింది. కోవిడ్ కాలంలో, 2021 జనవరి 27 నుండి, వీలైన కార్యాలయపు పనిని ఇంటినుండి చేసే అవకాశాన్ని యజమానులు కల్పించాలని ఉత్తర్వు వెలువడింది. ఆ నిర్బంధం తరువాత తొలగినా, జర్మనులు ‘హోమ్ ఆఫీస్’ అని పిలిచే ఆ పద్ధతి నిలిచిపోయింది.

బెర్లిన్ పరిశోధకులు కనుగొన్నది

2014లో కాత్రిన్ షోనెన్‌బెర్గ్, అలెగ్జాండర్ రాకె, యుడిత్ కోపె అనే బెర్లిన్ పరిశోధకులు ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. టెలిఫోను సంభాషణలలో కృత్రిమంగా ఆలస్యాన్ని ప్రవేశపెట్టి, అవతలి వ్యక్తిని గురించి ఇవతలివారి అభిప్రాయాన్ని అడిగారు. ఆలస్యం 1.2 సెకన్ల వరకు పెరిగినప్పుడు, అవతలివారికి శ్రద్ధ తక్కువని, స్నేహభావం తక్కువని భావించినట్లు తేలింది. తప్పు తీగది, నింద మనిషిది.

దీనికి కారణం సంభాషణ స్వభావంలోనే ఉన్నది. 2009లో పది భాషలను పరిశీలించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒకరి ప్రశ్నకు, మరొకరి సమాధానానికి నడుమ సగటు విరామం సుమారు 200 మిల్లీ సెకన్లు మాత్రమే, అనగా సెకనులో ఐదవ వంతు. సమాధానం అంతకంటె చాలా ఆలస్యమైతే, ‘ఇతనికి ఇష్టం లేదు’ అని మనసు తలపోస్తుంది. పైగా తీగలోని ఆలస్యం ప్రశ్న పోయేటప్పుడు ఒకసారి, సమాధానం వచ్చేటప్పుడు మరొకసారి, రెండుమార్లు లెక్కకు వస్తుంది.

ఆలస్యం ఎక్కడ పుడుతుంది?

గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుండి హైదరాబాదుకు గగనమార్గాన దూరం సుమారు 7,000 కిలోమీటర్లు. తిన్నని తీగ ఉంటే 35 మిల్లీ సెకన్లు చాలును. సముద్రగర్భపు తీగలు చుట్టు తిరిగి పోతాయి కావున కొంత హెచ్చుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్లకు లోబడి ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచన. కాబట్టి సముద్రాలనే తప్పుపట్టనక్కరలేదు. తరచుగా దోషం ఇంటిలోనే ఉంటుంది. దానిని తగ్గించే ఉపాయాలివి:

1. ముఖ్యమైన సమావేశాలకు వైఫై బదులు తీగతోనే కంప్యూటరును కలపాలి. గోడలు, ఇరుగుపొరుగు వైఫైలు సంకేతానికి అడ్డు వస్తే పోయిన భాగాలను మళ్ళీ పంపవలసి వస్తుంది.

2. ఆ సమయంలో ఫోటోలు, పెద్ద ఫైళ్ళు పైకి పంపడం నిలిపివేయాలి. అవి బారులు తీరితే మాట వాటి వెనుక నిలబడుతుంది.

3. తీగలేని బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కూడా కొంత ఆలస్యాన్ని చేరుస్తాయి. తీగ ఉన్నది మేలు.

4. చిత్రం తడబడితే కెమెరా ఆపి, మాటను కాపాడుకోవాలి.

మీటల చిక్కు

భారతదేశంనుండి క్రొత్తగా వచ్చినవారికి జర్మన్ కీబోర్డు మరొక పరీక్ష. దానిపై జెడ్, వై అక్షరాలు స్థానాలు మార్చుకొని ఉంటాయి. కంట్రోల్ మీటపై ‘ష్ట్రగ్’ అనే సంక్షిప్తం ఉంటుంది. చేసిన పనిని రద్దు చేయబోయి పాత అలవాటు కొద్దీ ఎడమ క్రింది మీటను నొక్కితే, అనేక ప్రోగ్రాములలో రద్దైనదే తిరిగి వస్తుంది. పదిమంది తెరపై చూస్తుండగా ఇట్లా తడబడితే, పని రాదనుకొనే ప్రమాదమున్నది. విండోస్‌లో రెండు అమరికలను ముందే చేర్చుకొని ఉంటే, విండోస్ మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కి అమరిక మార్చుకోవచ్చు. తెరను పంచుకొనేటప్పుడు మొత్తం తెరను కాక, కావలసిన కిటికీని మాత్రమే చూపడం క్షేమం.

మరొక ముఖ్య విషయం. అనుమతి లేకుండా ఇతరుల ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయడం జర్మన్ శిక్షాస్మృతి 201వ విభాగం ప్రకారం నేరం. వివరాలు గుర్తుంచుకొనడానికే అయినా, ముందు అందరి సమ్మతి పొందాలి.

స్నేహానికి కొన్ని నియమాలు

యంత్రాన్ని సరిచేసినంత మాత్రాన స్నేహం దానంతట అది రాదు. ఉద్యోగుల బల్లల నడుమ దూరం పెరిగినకొద్దీ వారి మాటామంతీ వేగంగా తగ్గిపోతుందని అమెరికాలో థామస్ ఆలెన్ 1977లో వెలువరించిన గ్రంథంలో చూపారు. 2020 తొలి ఆరునెలలలో మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన 61,182 మంది అమెరికా ఉద్యోగుల సంప్రదింపులను పరిశీలించినప్పుడు, ఇంటినుండి పని వలన వేర్వేరు బృందాల నడుమ సంబంధాలు పలుచబడినట్లు కనబడింది. కార్యాలయంలో కాఫీ యంత్రం దగ్గర అప్రయత్నంగా జరిగే పలకరింపును ఇక్కడ ప్రయత్నపూర్వకంగా ఏర్పరచుకోవాలి.

సమావేశంలో మొదటి ఐదు నిమిషాలు పని ఊసు లేకుండా కుశలప్రశ్నలకు కేటాయించవచ్చు. ప్రశ్న అడిగిన తరువాత మనసులో మూడు లెక్కించి, అప్పుడే తరువాతి మాట ఎత్తుకోవాలి. కొందరు ఒకే గదిలోను, ఒకరు దూరంగాను ఉంటే, ఆ ఒక్కరికే మొదటి అవకాశమివ్వాలి. ‘ఒకసారి మాట్లాడాలి’ అని మాత్రమే వ్రాసి వదలక, ఏ సంగతిపైనో కూడా వ్రాస్తే అవతలివారికి కలవరం తప్పుతుంది.

కాలభేదాన్ని కూడా పాటించాలి. శీతకాలంలో జర్మనీకి, భారతదేశానికి నాలుగున్నర గంటల తేడా, వేసవిలో మూడున్నర. జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాయంత్రం 4 గంటలకు పిలిస్తే హైదరాబాదులో రాత్రి 8:30 అవుతుంది. అదే ఉదయం 9 గంటలకైతే అక్కడ మధ్యాహ్నం 1:30. జర్మనీలో ఒకనాటి పనికి, మరునాటి పనికి నడుమ సాధారణంగా 11 గంటల విశ్రాంతి ఉండాలని 1994 నాటి పనివేళల చట్టం నిర్దేశిస్తుంది. తమకు లభించే విశ్రాంతిని సముద్రానికి ఆవలివారికి కూడా కోరుకొనడం సహోద్యోగ ధర్మం.

అవతలినుండి మౌనం ఎదురైనప్పుడు మొదట తీగను శంకించి, ఆ తరువాతనే మనిషిని శంకించడం మేలు. ‘నా మాట వినబడుతున్నదా?’ అన్న ఒక్క ప్రశ్న ఎన్నో అపార్థాలను తొలగించగలదు.