కొండపై నుండి పిలుపు

హైదరాబాదు నగరమున మూసారాంబాగు సమీపమున ఒక గుట్టపై ఫ్రెంచి సేనాని రేమండు సమాధి కలదు. 1798లో మరణించిన ఆ సేనాని పేరే ప్రజల వాడుకలో మూసారాం అయినదందురు. ఆ గుట్ట నెక్కిన బాలుడు కాలు జారి పడినచో, ఒక్క కేక వేసిన చాలును. నలుగురు పరుగెత్తి వత్తురు.

నగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున భువనగిరి దుర్గము పెద్ద రాతికొండపై నిలిచియున్నది. మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను గురుకుల విద్యార్థులు ఆ భువనగిరిలోనే కొండ లెక్కుట నేర్చిరి. 2014 మే 25న వారు ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. అట్టి మంచుకొండలలో కేక వినువారు అరుదు. అనేక తావుల సెల్ ఫోనును పనిచేయదు.

ఈ కొరత తీర్చుటకే శాటిలైట్ కమ్యూనికేటర్ అను పరికరము వెలసినది. ఇది అరచేత నిముడును. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు జీ.పీ.ఎస్. ఉపగ్రహముల సంకేతములవలన తానున్న చోటును గుర్తించును. ఆ వివరమును వేరొక ఉపగ్రహమునకు పంపును. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున తిరుగు 66 ఇరిడియం ఉపగ్రహములు ఇట్టి సందేశములను మోయుచున్నవి. ఆపద మీట నొక్కగా సందేశము భూకేంద్రమునకు, అచ్చటినుండి రక్షకులకు చేరును. ఆపద లేనప్పుడును యాత్రికుని జాడను ఇంటివారికి అప్పుడప్పుడు తెలుపుచుండును.

అయితే మన దేశమున టెలికాం శాఖ అనుమతి లేక ఇట్టి పరికరమును వెంట నుంచుకొనుట చట్టవిరుద్ధము. దేశభద్రతయే ఇందుకు కారణము. ఈ సంగతి తెలియక తెచ్చిన విదేశయాత్రికులు కొందరు విమానాశ్రయములలో చిక్కులపాలైరి. సముద్రముపై పోవు మత్స్యకారులకు మాత్రము ఇస్రో సంస్థ ఆపద సందేశ పరికరమును రూపొందించినది. 2024లో వెలువడిన రెండవ తరము పరికరము, పిలుపు అందినదని పడవలోనివారికి తిరిగి తెలుపును.

అనుమతి యున్నను యంత్రమునకు హద్దులు కలవు. లోతైన లోయయో, దట్టమైన అడవియో ఆకాశమును కప్పివేసినచో సందేశము నిలిచిపోవచ్చును. చలికి బ్యాటరీ త్వరగా క్షీణించును. సందేశము నిమిషములలో చేరినను, రక్షకులు కొండ నెక్కి వచ్చుటకు గంటలు పట్టును.

కావున కొండకు పోవువారు తాము పోవు దారిని, తోడివారి పేర్లను, తిరిగి వచ్చు వేళను ఒక కాగితముపై వ్రాసి ఇంట నుంచవలెను. ఒంటరిగా పోరాదు, చెప్పిన దారి విడువరాదు. వేళ మించినప్పుడు వెదకువారికి ఆ కాగితమే మొదటి ఆధారము. యంత్రము కొనజాలని బాలునకును ఈ రక్షణ సులభసాధ్యము.