నోరు పక్కనపెట్టి వెళ్ళండి

గోదావరి జిల్లాల్లో పుట్టినవాడికి తాతముత్తాతలు పొలం ఇచ్చినా ఇవ్వకపోయినా నోరు మాత్రం ఇస్తారు. రావులపాలెం బస్టాండులో పది నిమిషాలు కూర్చుంటే చాలు, పక్కాయన మీ ఊరు, ఇంటిపేరు, మీ మేనమామ ఉద్యోగం అన్నీ రాబట్టేసి ‘ఆయ్, అలాగాండీ’ అంటూ మీకో సంబంధం కూడా చూసిపెడతాడు. మాటకి మాట, వెటకారానికి వెటకారం, చివర్లో ఓ ‘అండీ’. ఈ పెట్టుబడితోనే మనవాళ్ళు కువైట్ నుంచి కాలిఫోర్నియా దాకా నెగ్గుకొచ్చేస్తున్నారు.

అందుకే డిగ్రీయో బీటెక్కో చదువుతున్న మన పిల్లలకి నేనొక ప్రయాణం సిఫారసు చేస్తాను. విదేశంలో బధిరులతో కలిసి పనిచేసే స్టూడెంట్ వాలంటీర్ ప్రోగ్రామ్ ఏదైనా చేతికందితే వదలొద్దు. ఎమ్మెస్‌కి వెళ్ళాక యూనివర్సిటీలో అలాంటి బృందం కనిపించినా సరే, చేరిపోండి. పుణ్యం సంగతి దేవుడెరుగు, మొదటిరోజు పొద్దున్నే మీ నోరు అక్కరకు రాకుండా పోతుంది. భోజనాల బల్ల దగ్గర ఇరవైమంది పడీపడీ నవ్వుతుంటారు, ఎందుకో మీకు తెలీదు. ఇన్నాళ్ళూ చురుకైన పిల్లలని పేరు తెచ్చుకున్న మీరే అక్కడ అందరికంటే వెనకబడ్డవాళ్ళు. తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడు మీ క్లాసులో మొదటి ఏడాదంతా ఎలా కూర్చున్నాడో అప్పుడు తెలుస్తుంది. ఆ ఇబ్బందిలోంచి ఫోన్‌లోకి పారిపోకుండా కొన్ని రోజులు నిలబడగలిగితే, వ్యక్తిత్వ వికాసం క్లాసుకి కట్టాల్సిన ఫీజు మిగిలినట్టే.

ఈ తోవలో రెండు వందల ఏళ్ళ కిందట నడిచిన ఒకాయన ఉన్నాడు. ఆయన్ని తెలుసుకుని వెళితే మంచిది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊరు. ఆయన పక్కింటి పిల్ల ఆలిస్ కాగ్స్‌వెల్‌కి చెవులు వినబడవు. ఆ దేశంలో అప్పటికి బధిరులకంటూ నిలదొక్కుకున్న బడి లేదు. ఆలిస్ తండ్రి, ఊళ్ళో పెద్దలు చందాలేసి 1815లో థామస్ హాప్కిన్స్ గాలడెట్ అనే యువకుణ్ణి యూరప్ పంపారు, చదువు చెప్పే పద్ధతి నేర్చుకురమ్మని. బ్రిటన్‌లో ఆ విద్య బ్రెయిడ్‌వుడ్ కుటుంబం చేతిలో ఉంది. వాళ్ళది వ్యాపార రహస్యం. ఏళ్ళ తరబడి మా దగ్గర పనిచెయ్యి, ఎవరికీ చెప్పనని మాటివ్వు అన్నారు. గాలడెట్ ఒప్పుకోలేదు. లండన్‌లోనే ప్యారిస్ బధిరుల పాఠశాల నడిపే సికార్ మతగురువు, ఆయన వెంట వచ్చిన బధిర ఉపాధ్యాయులు కనబడ్డారు. రమ్మన్నారు, వెళ్ళాడు. ప్యారిస్‌లో సైన్ లాంగ్వేజ్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు, చేతిలో డబ్బు మాత్రం కరిగిపోతోంది.

అప్పుడు ఆయన చేసిన పని చూడండి. అరకొరగా నేర్చుకున్నదాంతో ఇంటికి తిరిగొచ్చి ‘నేను యూరప్‌లో శిక్షణ పొందాను’ అని బోర్డు పెట్టుకోలేదు. తనకు నేర్పుతున్న లోరాన్ క్లెర్ అనే బధిర ఉపాధ్యాయుణ్ణి తనతో అమెరికా రమ్మని అడిగాడు. 1816 జూన్ 18న ఇద్దరూ ఓడెక్కారు. 52 రోజుల ప్రయాణం. ఓడలో క్లెర్ సంజ్ఞలు నేర్పాడు, గాలడెట్ ఇంగ్లిష్ నేర్పాడు. 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. క్లెర్ అక్కడ నాలుగు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పాడు. అమెరికన్ సైన్ లాంగ్వేజ్‌లో ఫ్రెంచి సంజ్ఞలు అన్ని ఉండటానికి కారణం ఆ ఓడ ప్రయాణమే. గాలడెట్ కొడుకు వాషింగ్టన్‌లో నడిపిన సంస్థకు డిగ్రీలిచ్చే అధికారం కల్పిస్తూ 1864లో అబ్రహాం లింకన్ సంతకం చేశాడు. అదే నేటి గాలడెట్ విశ్వవిద్యాలయం. అయినా దానికి ఒక బధిరుడు అధ్యక్షుడు కావడానికి 1988 దాకా ఆగాల్సొచ్చింది, అదీ విద్యార్థులు గేట్లు మూసేసి ఉద్యమం చేస్తే!

ఎక్స్‌ఛేంజ్ అని కాగితం మీద రాసుకునే ప్రోగ్రాముల్లో నూటికి తొంభై నాకు ఈ ఓడ ముందు తేలిపోతాయి. ఇచ్చేవాడు ఒకవైపు, పుచ్చుకునేవాడు ఒకవైపు ఉంటే దానికి పెట్టాల్సిన పేరు వేరే.

మంచి మనసుతో వెళ్ళినా జాగ్రత్త కావాలని ఇంకో జీవితం చెబుతుంది. ఆండ్రూ ఫోస్టర్ అలబామాలో పుట్టిన నల్లజాతివాడు. పదకొండేళ్ళప్పుడు మెనింజైటిస్ వచ్చి వినికిడి పోయింది. 1954లో గాలడెట్ నుంచి పట్టా పుచ్చుకున్నాడు, అక్కడ పట్టభద్రుడైన మొదటి నల్లజాతి విద్యార్థిగా ఆయన్నే చెబుతారు. 1957లో ఘనా వెళ్ళి బడి పెట్టాడు. 1987లో విమాన ప్రమాదంలో పోయేనాటికి ఆఫ్రికాలో 13 దేశాల్లో 32 బడులు ఆయన చేతిమీదుగా లేచాయి. దండం పెట్టాల్సిన మనిషి, సందేహం లేదు. అయితే ఆ బడులతోపాటు అమెరికన్ సైన్ లాంగ్వేజ్ కూడా ఖండమంతా పాకింది. ఘనాలోనే ఆడమొరోబే అనే పల్లె ఉంది. అక్కడ తరతరాలుగా బధిరులు ఎక్కువ, ఊరికి సొంత సంజ్ఞల భాష ఉంది. ఇప్పుడు ఆ ఊరి బధిర పిల్లలు బడిలో నేర్చుకునేది అమెరికన్ మూలాలున్న ఘనా సంజ్ఞల భాష. ఊరి భాష చిక్కిపోతోంది. వెళ్ళేవాడు సూట్‌కేసులో ఏం సర్దుకున్నాడో చూసుకుంటాడు గానీ చేతుల్లో ఏం మోసుకెళ్తున్నాడో చూసుకోడు.

ప్రపంచమంతటా బధిరులది ఒకటే భాష అనుకుని బయల్దేరే విద్యార్థులు చాలామంది. మూడు వందలకు పైగా సంజ్ఞల భాషలున్నాయని ఐక్యరాజ్యసమితి అంటుంది. అమెరికా వాళ్ళు అక్షరాలను ఒంటిచేత్తో చూపిస్తారు, మన భారతీయ సంజ్ఞల భాషలో రెండు చేతులూ కావాలి. మీరు అమెరికాలో ఏడాది కష్టపడి నేర్చుకుని రాజమండ్రి కోటగుమ్మం సెంటర్లో ఎవరైనా బధిరుణ్ణి పలకరిస్తే ఆయన మర్యాదకి నవ్వుతాడు, అంతే. మనదాంట్లో వాక్యం తెలుగులాగే నడుస్తుంది, క్రియ చివరికొస్తుంది. కాబట్టి మనకి మొదలుపెట్టడం తేలిక. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పదివేల పదాల వీడియో నిఘంటువు తయారుచేసింది, యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. మనసుపడి ఇంటర్‌ప్రెటర్ వృత్తిలోకే వెళ్ళాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

అసలు విమానం ఎక్కేముందు చెయ్యాల్సిన పని ఇంట్లోనే ఉంది. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షలకు పైనే. మేనరికాలు ఎక్కువగా చేసుకున్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ఎక్కువని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. మీ బంధువుల్లో, పోనీ మీ వీధిలో ఒకరు ఉండే ఉంటారు. ఆ బాబాయితోనో ఆ అక్కతోనో మీరు ఎప్పుడైనా ఐదు నిమిషాలు కూర్చుని కబుర్లాడారా? పెళ్ళింట్లో అందరూ పగలబడి నవ్వుతుంటే ‘ఏంటి, ఏంటి’ అని ఆవిడ చెయ్యూపి అడుగుతుంది. ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అంటాం. ఆ ‘తర్వాత’ ఎప్పటికీ రాదు. ఏ దేశపు బధిరుల్ని కదిపినా ఇంటివాళ్ళ మీద మొదటి ఫిర్యాదు ఈ మాటే. కోనసీమ మట్టపర్రు నుంచి వచ్చిన సుకుమార్ 2018లో తీసిన ‘రంగస్థలం’లో గోదావరి ఒడ్డు పల్లె చిట్టిబాబుకి సరిగ్గా వినబడదు, ఊరంతా ‘సౌండింజనీరు’ అంటుంది. థియేటర్లో ఈలలేశాం. సినిమా అయ్యాక మన ఊరి చిట్టిబాబు దగ్గరికి ఎంతమందిమి వెళ్ళాం?

సరే, ప్రోగ్రామ్‌కి వెళ్ళారు. అక్కడ మన పెంపకం కొంచెం అడ్డొస్తుంది. పెద్దవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడకు, వేలుపెట్టి చూపించకు, మొహం అలా పెట్టకు అని మనకి చిన్నప్పట్నుంచీ చెబుతారు. సంజ్ఞల భాషలో ఈ మూడూ కావాలి. మాట్లాడుతున్న మనిషి నుంచి చూపు తిప్పుకోవడమంటే చెవులు మూసుకున్నట్టే. కనుబొమలు ఎత్తితే ఒక అర్థం, ముడిస్తే ఇంకో అర్థం, అది వ్యాకరణం. మన ‘అండీ’ అక్కడ మొహంలోకి, భుజాల్లోకి మారాలి. పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టొచ్చు, లైటు ఆర్పి వెలిగించొచ్చు, చెక్క నేల అయితే కాలితో కొట్టొచ్చు. మీరు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ మొహం చీకట్లో ఉంటుంది, జరగండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకండి. ఇంటర్‌ప్రెటర్ ఉంటే ఆయన వైపు తిరిగి ‘ఈయన పేరేంటో కనుక్కోండి’ అని అడిగేవాళ్ళు ప్రతి బృందంలో ఒకరుంటారు. ఆ ఒకరు మీరు కావద్దు. ఎదురుగా ఉన్న మనిషినే చూసి, ఆయన్నే అడగాలి. అర్థం కాకపోతే కాలేదని చెప్పండి. తలూపేసి తప్పించుకోవడం మనకి బస్సుల్లో అలవాటైన విద్య, అక్కడ ఇట్టే దొరికిపోతారు. వాళ్ళు బతుకంతా మొహాలు చదివినవాళ్ళు.

ఫొటోల గురించి కటువుగానే చెబుతాను. బధిరుల బడిలో పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని తీసిన ఫొటో మీ ఇన్‌స్టాగ్రామ్‌కి పనికొస్తుందేమో, ఆ పిల్లలకి ఎందుకు? వారం రోజులకి వచ్చి ‘పాఠం చెబుతాం’ అనేవాళ్ళతో అక్కడి టీచర్లు విసిగి ఉంటారు. ఎన్నెస్సెస్ క్యాంపుల్లో ఊళ్ళోకి వెళ్ళి, ఊరివాళ్ళని అడక్కుండా రోడ్డు ఊడ్చేసి వచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది కదా. ‘ఏం చెయ్యమంటారు’ అని అడగండి. కుర్చీలు సర్దమంటే సర్దండి. వీడియోలకి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వెయ్యమంటే కూర్చుని వెయ్యండి. అడక్కుండా మేలు చెయ్యబోతే ఏమవుతుందో చూడండి. 1880లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో వినగలిగే పండితులు కూర్చుని, బధిరుల బడుల్లో సంజ్ఞలకంటే నోటిమాటే మేలని తీర్మానించారు. దాదాపు బధిరులెవరూ లేని సభ అది. ఆ తీర్మానం తప్పని అదే పరంపరలోని సభ 2010లో వాంకూవర్‌లో విచారం తెలిపింది. నూటముప్పై ఏళ్ళు! కుర్చీలు సర్దేవాడి వల్ల ఇంత నష్టం ఎన్నడూ జరగలేదు.

ఎమ్మెస్ దరఖాస్తుకి రాసే ఎస్‌ఓపీలో ఒక పేరా కోసం వెళతానంటారా, వెళ్ళండి, తప్పులేదు. పేరాలో మీరు ఏం నేర్పారో రాయకుండా ఏం నేర్చుకున్నారో రాస్తే చదివేవాళ్ళు ఆగి చదువుతారు కూడా.

ఇంకొక ప్రశ్న, దీన్ని ఎవరూ అడగరు. ఇలాంటి ప్రయాణాలకి వినగలిగే పిల్లలే ఎందుకు వెళ్ళాలి? డెన్మార్క్‌లో ఫ్రంట్‌రన్నర్స్ అని బధిర యువత కోసమే నడిచే అంతర్జాతీయ శిక్షణ ఉంది, పలు దేశాల పిల్లలు ఒకే కప్పు కింద ఉండి నేర్చుకుంటారు. 2009లో మన ఇగ్నో, ఇంగ్లండ్‌లోని సెంట్రల్ లాంకషైర్ విశ్వవిద్యాలయం కలిసి సంజ్ఞల భాషలో డిగ్రీ మొదలుపెడితే ఆఫ్రికా నుంచి కూడా బధిర విద్యార్థులు ఢిల్లీకి వచ్చి చదివారు. మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రిన్ 2022 మే నెలలో బ్రెజిల్ వెళ్ళి డెఫ్లింపిక్స్ టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి కాంస్యం తెచ్చింది. కాకినాడలోనో భీమవరంలోనో ఇంటర్ చదువుతున్న బధిర విద్యార్థి మీతోపాటు వస్తే అక్కడివాళ్ళతో రెండో రోజుకల్లా కలిసిపోతాడు. భాషలు వేరైనా బధిరులు ఒకరికొకరు దారి వెతుక్కోవడం మనకంటే చాలా త్వరగా చేస్తారు. మీకు వారం పట్టే కబురు వాళ్ళకి ఒక సాయంత్రం.

కాబట్టి దరఖాస్తు నింపేటప్పుడు నిర్వాహకులకి రెండు ప్రశ్నలు రాసి పంపండి. మా జిల్లా నుంచి ఒక బధిర విద్యార్థికి సీటు ఉందా? ఉంటే ఇంటర్‌ప్రెటర్ ఖర్చు ఎవరిది? మొదటిదానికి ‘ఉంది’ అని వెంటనే జవాబొస్తుంది. రెండోదానికి మెయిల్ ఆలస్యమవుతుంది. మళ్ళీ రాయండి. ఆ విద్యార్థి వీసా ఇంటర్వ్యూకి వెళ్ళాల్సొస్తే కావాల్సిన సౌకర్యం గురించి కాన్సులేట్‌కి ముందే తెలియజేయాలి, ఆ ఉత్తరం డ్రాఫ్ట్ చెయ్యడానికి కూర్చోండి. మీ ఇంగ్లిష్ పనికొచ్చేది ఇక్కడే.