నది కన్న ద్వీపం

ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపసమూహంలో హోపెన్ అనే సన్నని దీవి ఉన్నది. మంచు, ధ్రువపు ఎలుగుబంట్లు, వాతావరణ కేంద్రపు సిబ్బంది నలుగురైదుగురు తప్ప అక్కడ జనసంచారం లేదు. 1613లో ఆంగ్ల నావికుడు థామస్ మార్మడ్యూక్ ‘హోప్‌వెల్’ అనే తన ఓడ పేరును దానికి పెట్టాడని ప్రతీతి. ‘ఆశ’ అని అర్థమిచ్చే అదే మాటతో పిలిచే హోప్ ద్వీపం మన కాకినాడకు ఎదురుగానూ ఉన్నది. అయితే దీనిని కనుగొన్న వీరుడెవడూ లేడు. నావికులు చూస్తుండగానే ఇది పుట్టి పెరిగింది.

ధవళేశ్వరం దిగువన చీలిన గోదావరిలో గౌతమీ పాయ యానాం మీదుగా సాగరాన్ని చేరుతుంది. అది మోసుకువచ్చిన ఇసుకను నైరుతి ఋతుపవనకాలపు అలలు తీరం వెంబడి ఉత్తరానికి నెట్టుతాయి. అలా మేట మీద మేట పడి, రమారమి రెండు వందల ఏండ్లలో పదహారు కిలోమీటర్ల పొడవున తోకకప్ప ఆకారంలో ఈ దిబ్బ ఏర్పడింది. శ్రీనాథుడు దాక్షారామ వైభవాన్ని భీమేశ్వర పురాణంగా రచించిన నాటికి ఈ నేల లేనే లేదు. సప్తగోదావరుల కథలు చెప్పే పురాణాలు దీనినెరుగవు!

దీని విలువ తెలియాలంటే కోరంగిని తలచుకోవాలి. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఆ రేవు ప్రసిద్ధి ఎంతటిదో ఊహించవచ్చు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన ఆ రేవును నాశనం చేసింది. తరువాత ప్రాముఖ్యం కాకినాడకు దక్కింది. బహిరంగ సముద్రపు కెరటాలను ఇసుక దిబ్బ అడ్డగించగా, దాని చాటున ఓడలు నిశ్చింతగా లంగరు వేసుకొనేవి. ఆంగ్లేయులు దీనికి ‘ఆశ’ అని పేరు పెట్టడం అందుకేనంటారు.

ఇక్కడికి పడవే దారి. మంచినీటికి కటకట. కొద్దిపాటి మత్స్యకార కుటుంబాలను మినహాయిస్తే మిగిలినదంతా నిర్జనమే. పడమటి తీరాన 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యపు మడ అడవులున్నాయి. తూర్పు ఇసుకలో జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ గుంట తవ్వి, నూరు వరకు గుడ్లు పెట్టి, తిరిగి చూడక కడలికి మరలిపోతాయి. గుడ్లకు నక్కల బెడద, తల్లులకు వలల బెడద.

ద్వీపానికీ బెడద లేకపోలేదు. నదికి అడ్డుకట్టలు పెరిగిన కొద్దీ ఒండ్రు జలాశయాలలోనే నిలిచిపోయి, సముద్రానికి చేరేది తగ్గుతున్నది. మరొక వింత కూడా ఉన్నది. కాకినాడను కాచే ఈ దిబ్బ ఉత్తరానికి పెరగడం వల్లనే అలల పోకడ మారి, జమ్‌దానీ నేతకు పేరొందిన ఉప్పాడ తీరం కోతకు గురవుతున్నదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అక్కడ ఇండ్లూ, రహదారీ కెరటాల పాలవుతున్నాయి.